కోడింగ్ రాని మనం సొంతంగా సాఫ్ట్‌వేర్ చేసుకోవచ్చా? నా పట్టు లెక్కల యాప్ సంగతి

పట్టుకొట్టు_బరంపురం
ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. నాన్నగారి రోజుల నుంచీ పట్టు చీరలు, జోడుల వ్యాపారం. కొట్టు చిన్నదే గానీ మాకు నేసేవాళ్లు పందొమ్మిది మంది ఉన్నారు. నేను చదివింది బీకాం. టాలీ వచ్చు. అంతకు మించి జన్మలో ఒక్క లైను కోడ్ రాసి ఎరగను.

అలాంటిది, పదిహేను రోజులుగా రాత్రి కొట్టు కట్టేశాక ఒక ఏఐ చాట్ ముందు కూర్చుని నా సొంత యాప్ ఒకటి చేయించుకున్నాను. అంతా తెలుగులోనే చెప్పాను, అదీ నోటితో. మొదట చెప్పింది నాలుగు ముక్కలే: "నేతగాడికి పట్టు తూచి ఇస్తాం. చీర నేసి తెస్తాడు. కూలి ఇస్తాం. అడ్వాన్సు తీసుకుని ఉంటే కూలిలో పట్టుకుంటాం." టీ తాగి వచ్చేసరికి స్క్రీన్ మీద పేర్లు, తేదీలు, బరువులు, కూలి, అన్నీ గళ్లు గళ్లుగా సిద్ధం.

తప్పులు రాలేదా అంటే వచ్చాయి. "వారానికి ఐదొందలు పట్టుకుంటాం" అన్నానా, అది 500 గ్రాముల పట్టు వెనక్కి తీసుకున్నట్టు రాసేసింది. మా ఆవిడ అరగంట నవ్వింది. ఇంకోటి పెద్దది. చీరకో లెక్కన పట్టు ఇస్తామని అనుకుంది. మా దగ్గర పడుగు (నిలువు దారాలు) ఒకసారి వేస్తే నాలుగు చీరలు దిగుతాయి. పడుగుకి ఇచ్చేది ఒకేసారి ఇస్తాం, పేకకి (అడ్డ దారాలకి) విడివిడిగా ఇస్తాం. ఆ మాట నేను చెప్పలేదు. మాకు అది ఎంత మామూలంటే, చెప్పాల్సిన సంగతని కూడా తోచలేదు. దాంతో మొదటి చీర తెచ్చినవాడు ముప్పావు కిలో పట్టు బాకీ ఉన్నట్టు చూపించింది. పడుగు, పేక వేరు చేయించడానికి మూడు రాత్రులు పట్టింది.

ఇప్పుడు బాగా నడుస్తోంది. లింక్ కింద పెడుతున్నాను, చూసి చెప్పండి. మీలో ఇలా ఎవరైనా చేసుకున్నారా?

[లింక్ తొలగించబడింది: నిర్వాహకుడు]


ధర్మాబాద్_అడ్తి
ఆదివారం, రాత్రి 10:52

అన్నా, పట్టు పట్టుకోవడం మాత్రం అదిరింది. మాది మహారాష్ట్రల ధర్మాబాద్ మోండాలో (మార్కెట్ యార్డులో) మిర్చి అడ్తి, అంటే కమీషన్ దుకాణం. మేం ఇంకా ఎక్సెల్ మీదే. మా మునీము (లెక్కలు రాసే గుమస్తా) ఇరవై ఏళ్ల కింద మొదలుపెట్టిన షీట్ అది. అందులో తరుగు, హమాలీ, అడ్తి, తోలాయి అన్నీ ఆయనే ఫార్ములాలు కట్టిండు. ఆయనకు కోడింగ్ వచ్చా అని అడిగితే "నాకేం తెల్వది సేఠ్" అంటడు.


గుణుపురం_సంఘం
ఆదివారం, రాత్రి 11:15

నేను మహిళా సంఘాల లెక్కలు రాస్తాను. నేనూ చేశాను తమ్ముడూ, కానీ రెండోవారమే మానేద్దామనుకున్నాను. మా సంఘంలో వడ్డీ "వందకు రెండు". ఆ మాటే చెప్పాను. 5,000 అప్పు తీసుకున్న ఆవిడకి మొదటి నెల వడ్డీ 8 రూపాయల 33 పైసలని చూపించింది! మన వైపు వందకు రెండంటే నెలకు రెండని చిన్నపిల్లకి కూడా తెలుసు. అది ఏడాదికి రెండు శాతం అనుకుంది. అందరికీ తెలిసిన బ్యాంకు లెక్క అదే కదా, దాన్ని అని లాభం లేదు.

సరిచేయించాను. ఈసారి నెలకి వంద చొప్పున పది నెలలకి వెయ్యి వేసింది. అదీ తప్పే. మా వాళ్లు నెలకి 500 అసలు కడతారు, మిగిలిన దాని మీదే వడ్డీ. మొదటి నెల వంద, తర్వాత తొంభై, ఎనభై, అలా దిగుతూ పది నెలలకి మొత్తం 550 అవ్వాలి. వెయ్యికీ అయిదొందల యాభైకీ ఎంత తేడా! ఆ కాగితం అలాగే మీటింగులో పెట్టుంటే నన్ను నిలువునా కడిగేసేవారు.


పాత_ఫాక్స్‌ప్రో
సోమవారం, ఉదయం 6:05

పర్లాకిమిడి నుంచి. 1990ల్లో ఈ చుట్టుపక్కల రైసుమిల్లులకీ, మందుల షాపులకీ, జీడిపప్పు వ్యాపారులకీ ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ భాషలో ప్రోగ్రాములు రాసి బతికినవాణ్ణి. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ చర్చంతా చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

బాబూ, మీరు చేసిందానికి పేరు "ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్". పేరు కొత్తది కాదు, డెబ్భై ఏళ్ల నాటిది. అప్పట్లో ప్రోగ్రామంటే మెషీన్‌కి అర్థమయ్యే అంకెలు చేత్తో రాయడమే. 1952లో గ్రేస్ హాపర్ యూనివాక్ కంప్యూటర్ మీద ఏ-0 అని ఒకటి చేసింది. విడివిడిగా రాసి పెట్టుకున్న ముక్కల్ని మెషీనే పోగుచేసి కుట్టేది. దాన్ని ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్ అన్నారు. 1957లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్‌ట్రాన్ తెచ్చింది. సూత్రం రాస్తే చాలు, కోడ్ మెషీనే రాసుకుంటుందన్నారు. అందుకే ఫోర్‌ట్రాన్‌ని కూడా ఆటోమేటిక్ కోడింగే అన్నారు. ఇవాళ ఫోర్‌ట్రాన్ రాసేవాణ్ణి ప్రోగ్రామరంటున్నాం.

తర్వాత కోబాల్ వచ్చింది. 1959లో కమిటీ వేశారు. ఇంగ్లీషు వాక్యంలా ఉంటుంది కాబట్టి మేనేజర్లే చదువుకోగలరన్నది వాళ్ల ఆశ. మేనేజర్లు చదవలేదు సరికదా, కోబాల్ ప్రోగ్రామర్లని ఒక కొత్త కులం పుట్టింది.

1981లో బ్రిటన్‌లో ఒక ప్రోగ్రాం అమ్మారు. పేరేమిటో తెలుసా? "ది లాస్ట్ వన్". అంటే ఇక మనిషి రాయాల్సిన చివరి ప్రోగ్రాం ఇదేనట. ప్రశ్నలడిగి, జవాబుల్ని బట్టి బేసిక్ భాషలో కోడ్ రాసిపెట్టేది. ఆ తర్వాత నా ఒక్కడి చేతి మీదే కొన్ని వందల ప్రోగ్రాములు వెళ్లాయి.

1985లో డేవిడ్ పార్నస్ అనే కంప్యూటర్ పెద్దాయన ఈ మాట మీద ఒక చురక వేశాడు. ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్ అన్న మాటని ఎప్పుడు వాడినా, ఆ రోజుకి ప్రోగ్రామర్ల చేతిలో ఉన్న భాష కంటే ఒక మెట్టు పై భాషలో ప్రోగ్రాం రాయడమనే అర్థమన్నాడు. గుణుపురం అమ్మగారు "మిగిలిన అసలు మీద నెలకి రెండు శాతం" అని విడమరిచి చెప్పారే, అది ప్రోగ్రామింగే. ఆవిడకి వచ్చు. రాదని ఆవిడ అనుకుంటున్నారు, అంతే.


పట్టుకొట్టు_బరంపురం
సోమవారం, ఉదయం 7:30

మాస్టారూ, పొద్దున్నే మంచి క్లాసు పీకారు. అయినా నాదో మాట. ఫోర్‌ట్రాన్ మా నాన్నకి నేర్పమంటే ఈ జన్మకి జరగదు. ఇది మాత్రం ఆయనే నోటితో చెప్పగలడు. తేడా లేదంటే ఎలా?


పాత_ఫాక్స్‌ప్రో
సోమవారం, ఉదయం 7:48

తేడా లేదనలేదు బాబూ. మెట్టు చాలా పెద్దదే ఈసారి. ఒప్పుకుంటాను. నా భయం వేరు. ఫోర్‌ట్రాన్‌కి అర్థంకాకపోతే తప్పని చెప్పి ఆగిపోయేది. ఇది ఆగదు. వందకు రెండంటే అర్థంకాలేదని అనదు, తనకి తోచింది వేసుకుని చక్కటి రంగుల్లో చూపిస్తుంది.


కిన్వట్_కుర్రాడు
సోమవారం, మధ్యాహ్నం 1:10

అత్యవసరం. పట్టుకొట్టు అన్నా, ఆ లింక్ వెంటనే తీసేయండి.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, ఊరు కిన్వట్. భోజనం టైములో మీ యాప్ తెరిచాను. లాగిన్ అడగలేదు. పందొమ్మిది మంది పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఎంత అడ్వాన్సు ఉందో మొత్తం కనిపిస్తోంది. చూడడమే కాదు, మార్చొచ్చు కూడా. ఒక పేరు పక్కన సున్నా కొట్టి మళ్లీ పాత అంకె పెట్టాను, సారీ, నిజంగా మారుతుందా అని చూడ్డానికే.

మీ తప్పు కాదు. లాగిన్ పెట్టమని మీరు అడగలేదు, అది పెట్టలేదు. ఇలాంటి వాటిలో డేటా అంతా ఎక్కడో ఇంటర్నెట్‌లో ఒక డేటాబేస్‌లో ఉంటుంది. ఎవరు ఏ వరస చూడొచ్చో నియమం రాయకపోతే, చిరునామా తెలిసిన ఎవరైనా నేరుగా వెళ్లి చదివేసుకోవచ్చు. పైన స్క్రీన్‌కి పాస్‌వర్డ్ పెట్టినా సరిపోదు, కింద డేటాబేస్‌కి తాళం ఉండాలి. ముందు తలుపుకి తాళమేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు చాలామంది యాప్‌లు ఇలాగే ఉన్నాయి.


నిర్వాహకుడు
సోమవారం, మధ్యాహ్నం 1:22

లింక్ తీసేశాం. ఇకపై ఎవరూ నిజమైన మనుషుల వివరాలున్న యాప్ లింకులు ఇక్కడ పెట్టకండి. స్క్రీన్‌షాట్ పెట్టాలన్నా పేర్లు కొట్టేసి పెట్టండి.


పట్టుకొట్టు_బరంపురం
సోమవారం, మధ్యాహ్నం 2:05

చేతులు చల్లబడ్డాయి తమ్ముడూ. ఒకడి అడ్వాన్సు ఇంకొకడికి తెలిస్తే మా వీధిలో ఎంత గొడవవుతుందో మీకు తెలీదు. పెళ్లికని ఒకాయన గుట్టుగా తీసుకున్న డబ్బు కూడా అందులో ఉంది. యాప్ ఆపేశాను. ఇప్పుడేం చెయ్యాలి?


కిన్వట్_కుర్రాడు
సోమవారం, రాత్రి 9:30

అన్నా, టెన్షన్ పడకండి, లింక్ ఉన్నది పదిహేను గంటలే. మీ ఏఐని సూటిగా అడగండి: "లాగిన్ లేనివాడు నేరుగా డేటాబేస్‌కి వెళ్తే ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించకుండా నియమాలు రాయి." అడిగితే రాస్తుంది. తర్వాత వేరే ఫోన్‌లో, లాగిన్ కాకుండా తెరిచి చూడండి. ఆ తర్వాత నాకు చెప్పండి, పెరటి వైపు నుంచి నేను చూస్తాను.

అసలు మీకు ఇంటర్నెట్ అవసరమా అన్నది ఇంకో ప్రశ్న. కొట్టులో ఒక్క కంప్యూటరే వాడతారు గదా? డేటా అందులోనే ఉంటే ఈ బెడదే లేదు. రోజూ పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసుకుంటే చాలు. ఇంట్లో రాసుకునే చిట్టా వేరు, పదిమంది వివరాలు ఆన్‌లైన్లో పెట్టడం వేరు. 2023లో మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. యాప్ రాసింది ఏఐ గదా అంటే కుదరదు, డేటా పోగేసింది మీరు.


పీజీడీసీఏ_జయపురం
సోమవారం, రాత్రి 10:02

అందరూ సంతోషంగా ఉన్నారు గానీ నా గోడు కూడా వినండి. అప్పుచేసి పీజీడీసీఏ, అంటే కంప్యూటర్ డిప్లొమా చేశాను. జయపురంలో చిన్న చిన్న బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిచ్చి నెట్టుకొస్తున్నాను. ఈమధ్య ఒక షాపాయన "మా అబ్బాయి ఏఐతో చేసేశాడు, నువ్వక్కర్లేదు" అన్నాడు. మూడు నెలలకి జీఎస్టీ లెక్క తేడా వచ్చి నన్నే పిలిచాడు. తెరిచి చూస్తే ఒకే లెక్క ఐదు చోట్ల ఐదు రకాలుగా ఉంది. ఆ అబ్బాయి తప్పు దొరికినప్పుడల్లా "సరిచెయ్యి" అన్నాడు, అది దొరికిన చోటే సరిచేసింది, మిగిలినవి అలాగే వదిలేసింది. బాగుచెయ్యడానికి నాకు వారం పట్టింది. ఇచ్చింది రెండు వేలు. ఏఐ ఊరికే చేసిందానికి నువ్వెందుకు ఎక్కువ అడుగుతున్నావు అంటాడు.


ధర్మాబాద్_అడ్తి
సోమవారం, రాత్రి 10:40

తమ్మీ, నీ బాధ అర్థమైంది. మా ఎక్సెల్ కూడా సత్తెకాలపుది కాదు. లాట్ నంబర్ 12-3 అని కొడితే మార్చి 12 అయిపోతది. మొదట్లో ఒక సీజన్ అంతా మునీము లాట్లు వెతుక్కుంటూ తిరిగిండు. ఇప్పుడు ముందు ఒక చిన్న గీత పెట్టి కొడతడు.


కిన్వట్_కుర్రాడు
సోమవారం, రాత్రి 10:55

అడ్తి అన్నా, ఆ తేదీ బాధ మీ ఒక్కరిదే కాదు. మన శరీరంలో జన్యువులకి మార్చ్1, సెప్ట్1 అని పొట్టి పేర్లుండేవి. శాస్త్రవేత్తలు ఎక్సెల్‌లో కొడితే తేదీలైపోయేవి. చివరికి 2020లో పేర్లు పెట్టే కమిటీ వాళ్లు జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మార్చ్1 కాస్తా మార్చ్‌ఎఫ్1 అయింది.

అదే ఏడాది ఇంగ్లండ్‌లో కోవిడ్ కేసులు 15,841 లెక్కలోంచి జారిపోయాయి. పాత రకం ఎక్సెల్ ఫైల్లో 65,536 వరసలే పడతాయి. అంతకు మించి వచ్చినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. ఆ పాజిటివ్ వచ్చినవాళ్లతో తిరిగినవాళ్లని హెచ్చరించడం ఆలస్యమైంది.

అయినా నా దృష్టిలో ప్రోగ్రామర్ కానివాళ్లకి దక్కిన అసలైన ప్రోగ్రామింగ్ అంటే ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీటే. 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వచ్చింది. మీ మునీము గారు ఇరవై ఏళ్లుగా ప్రోగ్రామర్ అన్నా, ఆయనకి చెప్పకండి, జీతం పెంచమంటాడు.


పాత_ఫాక్స్‌ప్రో
మంగళవారం, ఉదయం 6:20

జయపురం బాబు రాసింది చదివి మనసు చివుక్కుమంది. నేను ఫాక్స్‌ప్రోలో ఒక రైసుమిల్లుకి ప్రోగ్రాం రాసేముందు మూడు రోజులు గుమస్తా పక్కన ఊరికే కూర్చునేవాణ్ణి. ఆయన బస్తా ఎలా రాస్తాడు, చిల్లర ఎక్కడ వదిలేస్తాడు, ఎవరు వస్తే లేచి నిలబడతాడు, అన్నీ చూసేవాణ్ణి. ఒకాయన ప్రతి బస్తాకీ పావుకిలో తగ్గించి రాసేవాడు. అడిగితే "గోనె బరువు" అన్నాడు. ఎక్కడా రాసిపెట్టి లేదది. కోడ్ రాయడానికి నాలుగు రోజులు, ఆ పావుకిలో కనుక్కోవడానికి మూడు రోజులు. డబ్బులు మాత్రం కోడ్‌కే ఇచ్చేవారు.


రాయగడ_దస్తావేజు
మంగళవారం, ఉదయం 11:45

ఆలస్యంగా వచ్చాను. రాయగడలో దస్తావేజులు రాసే పని మాది. నేను యాప్ ఏమీ చేయలేదు. మా అల్లుడు చేశాడు, నేలల కొలతల లెక్క. ఊళ్లో వాళ్లొచ్చి "రెండెకరాల పది గుంటలు" అంటారు, దాన్ని కాగితం కోసం ఎకరాలు, డెసిమల్స్‌లోకి (ఎకరంలో నూరో వంతు) మార్చాలి. అల్లుడు తెలుగులో "గుంటలని ఎకరాలు చెయ్యి" అన్నాడు. అది 2.25 ఎకరాలంది.

ఆంధ్రాలోనో, తెలంగాణలోనో, మహారాష్ట్రలోనో అయితే కరెక్టే. అక్కడ ఎకరానికి 40 గుంటలు. మన ఒడిశాలో ఎకరానికి 25. గుంట అంటే 4 డెసిమల్స్. కాబట్టి 2.40 ఎకరాలు. తేడా 15 డెసిమల్స్, అంటే 6,500 చదరపు అడుగుల పైచిలుకు. ఒక ఇల్లు, పెరడు, బావి వచ్చేస్తాయి ఆ తేడాలో.

తెలుగులో అడిగాడు కాబట్టి తెలుగువాళ్ల గుంట వేసిందన్నమాట. సరిహద్దులో ఉన్నవాళ్లం, భాష ఒకవైపుది, కొలత ఇంకోవైపుది. మన సంగతి దానికెవరు చెప్తారు? ఒడియాలో అడిగుంటే సరిగ్గా చెప్పేదేమో, అల్లుడికి ఆ బుద్ధి పుట్టలేదు.


ధర్మాబాద్_అడ్తి
మంగళవారం, మధ్యాహ్నం 12:10

మాకు 40నే. బతికిపోయినం.


గుణుపురం_సంఘం
మంగళవారం, మధ్యాహ్నం 3:30

భాష సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మా సంఘాల్లో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ, కానీ సగంమంది చదివింది ఒడియా బడిలో. మాట తెలుగు, చదువు ఒడియా. రసీదు రెండు లిపుల్లోనూ కావాలి. స్క్రీన్ మీద బాగానే వస్తోంది. చిన్న బిల్లు ప్రింటర్‌లో కొడితే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఏఐని పదిసార్లు అడిగాను, పదిసార్లూ "సరిచేశాను" అంది.


కిన్వట్_కుర్రాడు
మంగళవారం, రాత్రి 8:15

అక్కా, ఆ చిన్న థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు, ఒడియా అక్షరాలు తెలీవు. అక్షరాలుగా పంపితే ప్రశ్నార్థకాలే. "రసీదు మొత్తాన్ని బొమ్మగా మార్చి ప్రింటర్‌కి పంపు" అని చెప్పండి. బొమ్మకి భాషతో పనిలేదు. కాస్త నెమ్మదిగా వస్తుంది, అంతే.

ఇంకో చిట్కా. "సరిచేశాను" అంటే నమ్మకండి. ఎప్పుడూ జవాబు మీకు ముందే తెలిసిన లెక్క ఇవ్వండి. మీ 5,000 లెక్క, 550 రావాలి. రాయగడ బాబాయిగారి రెండెకరాల పది గుంటలు, 2.40 రావాలి. ఇలాంటివి ఒక పది కాగితం మీద రాసిపెట్టుకుని, యాప్‌లో ఏ చిన్న మార్పు చేయించినా ఆ పదీ మళ్లీ వేయించి చూడండి. ఆఫీసులో మేం చేసేదీ ఇదే, దానికి పెద్ద పేరు పెట్టుకున్నాం.


గుణుపురం_సంఘం
బుధవారం, ఉదయం 9:00

వచ్చింది! తెలుగు కింద ఒడియా, రెండూ గుండ్రంగా ముత్యాల్లా వచ్చాయి. నువ్వు చల్లగా ఉండాలి నాన్నా.


పట్టుకొట్టు_బరంపురం
మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 11:05

మళ్లీ వచ్చాను. తాళం వేయించాను, కిన్వట్ తమ్ముడు పెరటివైపు నుంచి కూడా చూసి సరే అన్నాడు. డేటా కొట్టు కంప్యూటర్‌కే పరిమితం చేశాను. పది లెక్కల కాగితం గోడకి అంటించాను. ఇవన్నీ బాగున్నాయి. కానీ ఇప్పుడొక చిక్కొచ్చింది, ఎవరికి చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నాను.

మాకు ముప్పై ఏళ్లుగా నేసే పెద్దాయన ఒకరున్నారు. పేరు రాయను. ఆయన నేసిన కుంభం అంచు చూస్తే సూదితో గీసినట్టుంటుంది. ఆయన లెక్కలో 250 గ్రాముల పట్టు తక్కువ వస్తోంది. యాప్‌లో ఆయన పేరు ఎర్రగా చూపిస్తోంది. ఇచ్చింది, తెచ్చింది, మిగిలింది అన్నీ నేనే తూచి కొట్టాను. పది లెక్కలూ వేశాను, పదీ సరిపోయాయి. కూడికలో తప్పు లేదు.

ఆయన కొట్టుకి వచ్చినప్పుడు స్క్రీన్ ఆయనకి కనిపించింది. చదువు అంతంతమాత్రం గానీ ఎరుపు తెలీదా? ఏమీ అనలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయారు. అప్పటినుంచి అన్నం సరిగా సహించడం లేదు నాకు. నాన్నగారికి చెప్పాలంటే భయం.


ధర్మాబాద్_అడ్తి
శనివారం, రాత్రి 11:20

కాటా చూసుకున్నవా అన్నా? మా దగ్గర తేడా వస్తే ముందు కాటానే అనుమానిస్తం.


పట్టుకొట్టు_బరంపురం
శనివారం, రాత్రి 11:26

చూశాను. బంగారం కొట్లో ఇచ్చి మరీ సరిచూయించాను. కాటా కరెక్టే.


పీజీడీసీఏ_జయపురం
శనివారం, రాత్రి 11:41

పడుగు మార్చినప్పుడు పాత పడుగు మిగులు కొత్తదాంట్లో కలుస్తోందా లేదా చూడండి. నేనైతే అక్కడ వెతుకుతాను.


పట్టుకొట్టు_బరంపురం
ఆదివారం, అర్ధరాత్రి 12:10

కలుస్తోంది. అది కూడా చూశాను.


గుణుపురం_సంఘం
ఆదివారం, ఉదయం 5:50

తమ్ముడూ, మా పుట్టింటివాళ్లు నేతవాళ్లే, బరంపురంలోనే. చిన్నప్పుడు కండెలు చుట్టాను నేను. ఒక్కటి చెప్పు. ఆయనకి ఆ విడత ఇచ్చిన పడుగు ఉడికించిన పట్టా, పచ్చి పట్టా?


పట్టుకొట్టు_బరంపురం
ఆదివారం, ఉదయం 8:40

అక్కా.

కొట్టు తీసి పుస్తకం చూశాను. ఆ విడత ఉడికించేచోట ఆలస్యమైందని పచ్చి పట్టే ఇచ్చాం, ఆయనే ఇంట్లో ఉడికించుకుంటానన్నారు. కిలో ఇచ్చాం. నేను యాప్‌లో కిలో అని కొట్టాను.


గుణుపురం_సంఘం
ఆదివారం, ఉదయం 8:55

అదే. పచ్చి పట్టుకి జిగురుంటుంది. సబ్బునీళ్లలో ఉడికిస్తే ఆ జిగురంతా పోతుంది, బరువులో ఇంచుమించు పావు వంతు తగ్గిపోతుంది. కిలో ఉడికిస్తే ముప్పావు కిలోనే మిగులుతుంది. మీ 250 గ్రాములు ఆ నీళ్లలో పోయాయి నాయనా. ఆయన ఇంట్లో వెతకకు.


పట్టుకొట్టు_బరంపురం
ఆదివారం, సాయంత్రం 6:30

పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లాను. నాన్నగారిని కూడా తీసుకెళ్లాను. నేను చెప్పడం మొదలుపెట్టగానే పెద్దాయన లోపలికెళ్లి తన పుస్తకం తెచ్చారు. బడిపిల్లల రూళ్ల పుస్తకం. ఒడియా అంకెలు, పక్కన గుర్తులు. పచ్చి పట్టు వచ్చిన ప్రతిసారీ అంకె చుట్టూ చిన్న సున్నా చుట్టి ఉంది. దాని కింద ఉడికించాక వచ్చిన బరువు. ముప్పై ఏళ్ల సున్నాలు. మా నాన్నగారి పాత ఖాతాలో కూడా అదే సున్నా ఉందని ఇంటికొచ్చాక చూశాను. నేను టాలీలోకి ఎక్కించినప్పుడు ఆ సున్నాల్ని మరకలనుకుని వదిలేశాను.

ఇంతసేపూ ఆయన మాట్లాడింది ఒక్కమాట. "ఆ ఎర్ర రంగు తీసెయ్యి బాబూ."

తీసేశాను. పచ్చి, ఉడికినది అని రెండు గళ్లు పెట్టించాను, మూడు నిమిషాల పని.


కిన్వట్_కుర్రాడు
ఆదివారం, రాత్రి 7:15

ఈ తప్పు నేను కూడా పట్టేవాణ్ణి కాదు అన్నా. నా గోడ మీద కాగితంలో వెయ్యి లెక్కలున్నా దొరికేది కాదు. అక్కకి దండం.


పాత_ఫాక్స్‌ప్రో
ఆదివారం, రాత్రి 8:02

బాబూ, వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి బరంపురం వస్తున్నాను. మీ యాప్ చూడ్డానికి కాదు. ఆ పెద్దాయన ఒప్పుకుంటే ఆయన పుస్తకం ఒక్కసారి చూపించు. సున్నాలు కాక ఇంకా ఏమేం గుర్తులున్నాయో చూడాలని ఉంది. జయపురం అబ్బాయికి వీలైతే అతన్నీ రమ్మను, చార్జీలు నేను పెట్టుకుంటాను.


పీజీడీసీఏ_జయపురం
ఆదివారం, రాత్రి 8:09

వస్తాను మాస్టారూ. పెన్ను, పుస్తకం తెచ్చుకోనా, లాప్‌టాప్ తేవాలా?


పాత_ఫాక్స్‌ప్రో
ఆదివారం, రాత్రి 8:11

పెన్ను చాలు.